మాంధాత నాణేలు, మురకామి పువ్వులు

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



మెకానికల్ ఇంజనీరుని కాబట్టి రోబోల గురించో, కృత్రిమ మేధ గురించో చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. ఆ సంగతులు ఇప్పటి పిల్లలకు నాకంటే బాగా తెలుసు. నేను బొమ్మల గురించి మాట్లాడతానన్నాను. ఫోనులో కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "సరే అన్నా, మీ ఇష్టం. ఇరవై నిమిషాలు దాటకుండా చూసుకోండి" అన్నారు. బొమ్మలే ఎందుకో చివర్లో చెబుతాను. మన సంఘం డబ్బుతో దానికి సంబంధం ఉంది కనుక దయచేసి మధ్యలో టీలకు లేవకండి.

ఉద్యోగం పనిమీద 2015లో నన్ను జపాను పంపారు. నగోయా దగ్గర ఒక యంత్రాల ఫ్యాక్టరీలో ఎనిమిది నెలలు ఉన్నాను. వెళ్ళిన మొదటి వారంలోనే నన్ను ఆపింది ఏ యంత్రమూ కాదు, రోడ్డు తవ్వుతున్నచోట నిలబెట్టిన ఒక బోర్డు. దానిమీద హెల్మెట్టు పెట్టుకున్న మనిషి బొమ్మ. నడుము వంచి దణ్ణం పెడుతున్నాడు, మీకు ఇబ్బంది కలిగిస్తున్నాం మన్నించండి అని. నాలుగు గీతల కార్టూను. ఇంకో వీధిలో ఇంకో కంపెనీ వాళ్ళ పని జరుగుతుంటే అక్కడ అదే మనిషి ఇంకో గీతలో వంగి ఉన్నాడు. టోక్యో పోలీసు శాఖకు 1987 నుంచి పీపో అనే బొమ్మ ఉంది, పెద్ద చెవులూ నెత్తిమీద ఏంటెన్నాతో. కుమమోతో అనే జిల్లా 2010లో ఒక నల్ల ఎలుగుబంటి బొమ్మను తయారుచేసుకుని, ఊళ్ళో పండే పంటల దగ్గర నుంచి రైలు దాకా అన్నిటికీ దాన్నే వాడుకుంటోంది. మన కమిషనరాఫీసు గోడమీద అలాంటి బొమ్మ వేస్తే, పోలీసుల్ని ఎగతాళి చేశారని వేసినవాణ్ణి వెతుకుతారు. అక్కడ బొమ్మ వెయ్యడమంటే తక్కువ చెయ్యడం కాదు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందా అని నాకు పట్టుకుంది.

సెలవురోజుల్లో మ్యూజియంలకు తిరగడం మొదలుపెట్టాను. అప్పుడే తకాషి మురకామి పేరు తెలిసింది. నవ్వుతున్న రంగురంగుల పువ్వులు మీ పిల్లల చొక్కాల మీదో ఫోను కవర్ల మీదో చూసే ఉంటారు, అవి ఆయనవి. 1962లో టోక్యోలో పుట్టాడు. కుర్రతనంలో యానిమేషన్ సినిమాల్లో పనిచెయ్యాలనుకున్నాడు. చివరికి చదివింది మాత్రం నిహోంగా, అంటే జపాను సంప్రదాయ చిత్రకళ. రాళ్ళు నూరిన రంగులు, జిగురు, సిరా, బంగారు రేకు, కాగితం, పట్టు - అంతా పాత పద్ధతి. అందులో 1993లో డాక్టరేటు తీసుకున్నాడు. అంతా అయ్యాక మళ్ళీ కార్టూన్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

పాప్ ఆర్ట్ అనేది అమెరికాలో 1960ల్లో బలం పుంజుకున్న సంగతి. వార్హోల్ సూపు డబ్బాల బొమ్మలు వేశాడు, లిక్టెన్‌స్టయిన్ కామిక్ పుస్తకంలోని గడిని గోడంత చేసి వేశాడు. వాళ్ళ దగ్గర గ్యాలరీ ఒక ఇల్లు, కామిక్ పుస్తకం వీధి. వీధిలోంచి ఒకణ్ణి లోపలికి తెచ్చి కుర్చీ వెయ్యడమే అక్కడ విశేషం. మురకామి వాదన వేరు. మా దేశంలో ఆ గడపే ఉండేది కాదు, అది పడమటి నుంచి వచ్చింది అంటాడు. నిజమే. జపానులో ఇవాళ లలితకళకు వాడే 'బిజుత్సు' అనే మాటను పుట్టించిందే 1873 వియన్నా ప్రపంచ ప్రదర్శన కోసం. పడమటి వాళ్ళ పట్టికలో సామాను ఏ గదిలో పెట్టాలో తెలియాలి కదా. అంతకుముందు తెర మీద వేసే బొమ్మ, గిన్నె మీద వేసే బొమ్మ, పుస్తకంలో వేసే బొమ్మ అన్నీ బొమ్మలే. మన చతుష్షష్టి కళల జాబితాలోనూ అంతే కదండీ. చిత్రలేఖనం ఉన్న వరసలోనే పూలదండ కట్టడమూ ఉంది, వంటా ఉంది.

ఆ మాటకు సాక్ష్యం కావాలంటే హొకుసాయ్ ఉన్నాడు. పడవల మీద విరుచుకుపడే పెద్ద కెరటం బొమ్మ వేసినాయన. అదే మనిషి 1814 నుంచి 'మాంగా' పేరుతో గీతల పుస్తకాలు అచ్చువేశాడు. మల్లయోధులు, లావుపాటివాళ్ళు, బక్కవాళ్ళు, పక్షులు, దయ్యాలు, ముఖాలు వంకరలు తిప్పే మనుషులు. ఇంకా వెనక్కి వెళితే, క్యోటోలోని కోజాన్‌జి అనే గుడి సొత్తయిన 12, 13 శతాబ్దాల నాటి కాగితపు చుట్టలు. వాటిలో కప్పలూ కుందేళ్ళూ కుస్తీ పడుతుంటాయి. గుడి సొత్తు అది! పంచతంత్రం చదివిన మనకు అందులో వింతేమీ కనబడదు.

2000 సంవత్సరంలో మురకామి ఈ వాదనకంతా 'సూపర్‌ఫ్లాట్' అని పేరు పెట్టి ఒక ప్రదర్శన కట్టాడు. ఫ్లాట్ అంటే చదును. ఇక్కడ నా వృత్తి కొంచెం అడ్డం వస్తుంది, ఓర్చుకోండి. పడమటి చిత్రకళలో దూరంగా పోయే రైలుపట్టాలు ఒక బిందువు దగ్గర కలుస్తాయి. మేము కాలేజీలో నేర్చుకునే ఐసోమెట్రిక్ డ్రాయింగులో కలవవు. దగ్గరున్న బోల్టూ దూరంగా ఉన్న బోల్టూ ఒకే కొలత. ఎందుకంటే ఆ కాగితం చూసి ఇంకొకడు దాన్ని తయారు చెయ్యాలి, అందం కోసం దూరపు బోల్టును చిన్నది చేస్తే వాడు చిన్న బోల్టే బిగిస్తాడు. పాత జపాను చిత్రాల్లోనూ పట్టాలు కలవవు. ఇంటి కప్పు తీసేసి లోపల ఎవరెక్కడ కూర్చున్నారో పైనుంచి చూపిస్తారు. అచ్చంగా మా సెక్షన్ డ్రాయింగే. వాటి ముందు నిలబడితే నాకు మ్యూజియంలో కాదు, డ్రాయింగాఫీసులో ఉన్నట్టుండేది.

మురకామి 1996 నాటి చిత్రం ఒకటుంది, పేరు '727'. పాత చిత్రాల తీరులో వంపు తిరిగిన అల మీద కోరలు బయటపెట్టిన ఒక కార్టూను బొమ్మ సవారీ చేస్తుంటుంది. ఆ 727 ఏమిటంటే బుల్లెట్ రైలులోంచి చూస్తే పొలాల మధ్య కనబడే సౌందర్య సాధనాల కంపెనీ బోర్డు. నేను నగోయా నుంచి టోక్యో వెళ్ళినప్పుడల్లా కిటికీ పక్కన కూర్చుని వాటిని లెక్కపెట్టేవాణ్ణి. నందిగామ నుంచి పేటకు బస్సులో వచ్చేటప్పుడు గోడలమీద సిమెంటు ప్రకటనలు చదువుకుంటూ వచ్చినవాళ్ళం మనం. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది.

ఆయనవన్నీ నాకు నచ్చుతాయని చెప్పను. 2003లో ఒక ఫ్రెంచి కంపెనీ చేతిసంచుల మీద తన బొమ్మలు అచ్చువేయించాడు. 2008లో ఆయన శిల్పం ఒకటి వేలంలో కోటిన్నర డాలర్లు పలికింది. ఆ పువ్వులు నాలుగు చూశాక ఐదోది చూడబుద్ధి కాదు. కానీ ఒక్కటి మాత్రం నన్ను నిలబెట్టేసింది. ఆ శీతాకాలం టోక్యోలోని మోరి మ్యూజియంలో 'ఐదువందలమంది అర్హతులు' అనే చిత్రం పెట్టారు. ఎత్తు మూడు మీటర్లు, పొడవు వంద మీటర్లు. 2011 భూకంపం, సునామీ తర్వాత మొదలుపెట్టిన పని. సాయం చేసిన కతార్ దేశానికి కృతజ్ఞతగా 2012లో ముందు దోహాలో చూపించారు. విద్యార్థులు రెండువందలమందికి పైగా చెయ్యి వేశారట. వందల మంది బౌద్ధ సన్యాసులు - బట్టతలలు, చెవుల్లో వెంట్రుకలు, వంకర పళ్ళు, ఒకాయన కునికిపాట్లు, ఒకాయన కోపం. అందరూ కార్టూన్లే. అయినా ఆ వంద మీటర్లూ నడిచేసరికి గొంతు పట్టేసింది. చచ్చిపోయినవాళ్ళ కోసం వేసిన బొమ్మ అది, అయినా నవ్వు వస్తోంది. రెండూ ఒక్కసారే.

అర్హతులంటే బుద్ధుడి మార్గంలో గమ్యం చేరినవాళ్ళు. అక్కడ నిలబడి ఉండగా నాకు మన ధనంబోడు గుర్తొచ్చింది.

మనలో చాలామంది ఆ గుట్ట పక్కన మేకల్ని తోలుకెళ్ళినవాళ్ళమే తప్ప అది ఏమిటో కనుక్కున్నవాళ్ళం కాదు. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించి బౌద్ధ స్తూపాన్ని వెలికితీశాడు. అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద ఆయన పుస్తకం 1887లో అచ్చయింది. అక్కడ దొరికిన సున్నపురాయి ఫలకాల్లో ఒకటి ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటిదంటారు. జపాను నుంచి తిరిగొచ్చిన ఏడాదే వెళ్ళి చూశాను. చక్రవర్తి నిలబడి ఉంటాడు, నెత్తిమీద గొడుగు. చుట్టూ సప్తరత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, కోశాధికారి, మంత్రి. ఆయన కుడిచెయ్యి పైకెత్తాడు. ఆకాశం నుంచి నాణేలు రాలుతున్నాయి. ఆ రోజుల్లో నాణేలు నలుచదరం, అందుకని చిన్నచిన్న గళ్ళలా గాలిలో నిలిచి ఉంటాయి. ఆయన మాంధాత అంటారు. జాతక కథలో చెయ్యి తడితే సంపద కురిసేది, అది చాలక స్వర్గానికి పోయి అక్కడ కూడా ఇంకా కావాలనుకుని కింద పడ్డవాడు.

ఆ రాయిని నేను ఒక ఇంజనీరు చూసినట్టు చూశాను. చెక్కడం లోతు చాలా తక్కువ, రాయి మీద గీత గీసినంతే. రాజు పెద్దవాడు కనుక పెద్దగా ఉన్నాడు, ఏనుగు అంత ముఖ్యం కాదు కనుక చిన్నగా ఉంది. దూరమూ దగ్గరా లేవు, అంతా ఒకే చదును మీద. కాళ్ళూ చేతులూ సాగదీసినట్టు పొడుగ్గా ఉంటాయి. గాలిలో ఆగిన నాణేలైతే, ఇవాళ కార్టూనిస్టు చెమట చుక్కలు గాలిలో వేస్తాడే, అచ్చంగా అదే. పడుతున్నదాన్ని కదలని రాతిలో చూపించాలంటే ఆ శిల్పికి ఇంకో దారి లేదు. మురకామి పెట్టిన పేరు దీనికి సరిగ్గా సరిపోతుంది. రెండువేల ఏళ్ళ ముందు, మన వాకిట్లో. మన చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఇవాళ కాలుస్తున్నదీ సున్నపురాయే సుమా.

ఇంకో సంగతి. ఆ స్తూపం దగ్గరే ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం నాటి శాసనం దొరికింది. సిద్ధార్థుడనే ఆయన మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర ఐదు స్తంభాలు నిలిపించాడని అందులో ఉంది. ఊరి పేరు వెలగిరి అని రాశారు. ఆయన రాజూ కాదు, షావుకారూ కాదు. 'ఆవేసని', అంటే పనివాడు, హస్తకళాకారుడు. వాళ్ళ నాన్న కూడా అదే పని. మన ఊళ్ళో పేరు మిగిలిన దాతల్లో ఒక పనివాడు ఉన్నాడన్నమాట.

జపానుకూ మన ప్రాంతానికీ దారి నేను కొత్తగా వేస్తున్నది కాదు. మురకామి చదివిన విశ్వవిద్యాలయానికి పూర్వరూపం టోక్యో లలితకళల పాఠశాల. దాన్ని నడిపిన ఒకాకురా గత శతాబ్దం మొదట్లో కలకత్తా వచ్చి ఠాకూరుల ఇంట్లో స్నేహం చేశాడు. ఆయన శిష్యుడు యొకొయామా తైకాన్ 1903లో వచ్చాడు. ఆయన పని చూసి అవనీంద్రనాథ్ ఠాకూర్ రంగును నీటితో కడిగి పలచబరిచే పద్ధతి నేర్చుకున్నాడు. ఆ బెంగాలు సంప్రదాయంలోంచి ప్రమోద కుమార ఛటర్జీ మన బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు వచ్చాడు. అక్కడ ఆయన దగ్గర నేర్చుకున్నవాడే అడివి బాపిరాజు. టోక్యో, కలకత్తా, బందరు. ఎక్కడికక్కడ ఒక గురువు ఉండబట్టి పద్ధతి చెయ్యి మారుతూ వచ్చింది.

ఇక మన మురకామి ఎవరంటే నా జవాబు మీకు తెలుసు. బాపు. కాకపోతే వరసలో ఆయనే ముందు కనుక, మురకామి జపానువాళ్ళ బాపు అనాలి. 1933లో నరసాపురంలో పుట్టి, మద్రాసులో లా చదివి, పత్రికలకు బొమ్మలు వేశాడు. బుడుగునూ సీగాన పెసూనాంబనూ గీసిన చెయ్యే రాముణ్ణీ గీసింది. మన ఇళ్ళల్లో పెళ్ళి శుభలేఖ మీద ఆయన సీతారాములు, వారపత్రికలో ఆయన జోకు. ఒకటి పూజగదిలోకి, ఒకటి పకోడీల పొట్లంలోకి పోయింది కానీ గీత ఒక్కటే. సినిమా తీసినా ముందు షాట్లన్నీ కామిక్ పుస్తకంలా గీసుకునేవాడు. 'ముత్యాలముగ్గు', 'సీతాకల్యాణం' చూసినవాళ్ళకు ఆ గళ్ళు తెర మీద కనబడతాయి. ఆయన చేతిరాత ఇవాళ కంప్యూటరు ఫాంటు.

ఆ గీతకు అంత ధైర్యం ఎక్కడిది? నాకు తోచిన కారణం చెబుతాను, ఇది ఇంజనీరు కారణం. అప్పటి పత్రికల్లో బొమ్మను జింకు రేకు మీదికి ఎక్కించి ఆసిడ్‌లో పెట్టేవారు. సిరా గీత ఉన్నచోటు మిగులుతుంది, లేనిచోటు కరిగిపోతుంది. మధ్యలో బూడిదరంగు ఉండదు. బెరుగ్గా గీసిన గీత ఆసిడ్‌లో తెగుతుంది, కాకపోతే నాసి కాగితం మీద అలుక్కుపోతుంది. జపానులో హొకుసాయ్ గీసిన కాగితాన్ని చెక్కమీద బోర్లా అంటించి ఇంకొకడు ఉలితో చెక్కేవాడు. తడబడిన గీతను ఏ ఉలీ కాపాడలేదు. మాంధాతను చెక్కినవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు, రాయి రెండో అవకాశం ఇవ్వదు. తన చెయ్యి దాటి ఇంకొకరి పనిముట్టులోకి పోవాల్సిన గీత ఎలా ఉండాలో ఈ ముగ్గురికీ తెలుసు. ఫిట్టరు చేతికి డ్రాయింగు ఇచ్చే నాలాంటివాడికి కూడా తెలిసి తీరాలి.

అయితే ఒక తేడా ఉంది, అది నన్ను బాధపెడుతుంది. మురకామి బొమ్మలు న్యూయార్కు మ్యూజియంలో ఉన్నాయి. బాపుకి 79 ఏళ్ళు వచ్చాక, 2013లో, పద్మశ్రీ వచ్చింది. మరుసటి ఏడాది ఆయన వెళ్ళిపోయాడు. కార్టూనిస్టు కదా, సినిమావాడు కదా అన్నారే కానీ చిత్రకారుల వరసలో పీట వెయ్యడానికి మనవాళ్ళు చాలాకాలం తటపటాయించారు. వియన్నా పట్టిక మన బుర్రల్లోకి కూడా వచ్చేసింది. కొండపల్లి వెళితే ఒకే తెల్లపొణికి చెక్కతో, ఒకే చేతులు దశావతారాలూ చేస్తాయి, గీత కార్మికుడు ఎక్కుతున్న తాడిచెట్టూ చేస్తాయి. వాటిని మాత్రం 'హస్తకళ' అని ఇంకో గదిలో పెట్టాం.

ఇప్పుడు మన బడి సంగతికి వస్తాను. నేను 1985లో ఇక్కడ పది పాసయ్యాను. అప్పుడు వారానికి రెండు డ్రాయింగు పీరియడ్లు. ఒకరోజు మా క్లాసులో ఒకడు నోటుపుస్తకం వెనకపేజీలో లెక్కల మాస్టారి బొమ్మ గీస్తూ దొరికాడు. పుస్తకం డ్రాయింగు మాస్టారి చేతికి వెళ్ళింది. వాడికి ఇవాళ వీపు చిట్లుతుందనుకున్నాం. ఆయన కాసేపు చూసి, "ముక్కు సరిపోయిందిరా. కానీ ఆయన అలా నిలబడడు, ఎడంకాలు మీద బరువేస్తాడు, మళ్ళీ గియ్యి" అన్నారు. వాడు ఆరుసార్లు గీశాడు. నా చూపుకు బరువు ఎక్కడ పడుతుందో వెతకడం నేర్పింది ఆ పీరియడే. నా ఉద్యోగమంతా అదే పని.

ఆ మాస్టారు రిటైరయ్యాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. డ్రాయింగు గది స్టోరు అయింది. నిన్న తలుపు తీయించి చూశాను, విరిగిన బెంచీలు ఉన్నాయి.

స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర దాతల పేర్లతో ఆర్చి కట్టాలని ఒక తీర్మానం ఉంది. ఎస్టిమేటు 11 లక్షలు. ప్రతిపాదించిన పెద్దల మీద నాకు గౌరవం ఉంది, కాంక్రీటు గురించి నేను చెడ్డమాట చెప్పను. నా సవరణ ఇది. బడి అనుమతితో, సంఘం ఖర్చుమీద, ఒక పార్ట్‌టైం డ్రాయింగు మాస్టారు. నెలకు 15 వేలు, ఏడాదికి పది నెలలు, మూడేళ్ళకు నాలుగున్నర లక్షలు. గది బాగుచేసి కాగితాలూ రంగులూ కొనడానికి ఒక లక్ష. ఏడాదికోసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని చెన్నై తీసుకెళ్ళి మాంధాతను చూపించడానికి మూడేళ్ళకు రెండు లక్షలు. మొత్తం ఏడున్నర. మిగిలిన మూడున్నరతో చిన్న ఆర్చి వస్తుంది, లెక్క వేసి తెచ్చాను.

మనిషి కూడా ఉన్నాడు. నందిగామలో ఒక పెయింటరు, డ్రాయింగు హయ్యర్ గ్రేడు పాసయ్యాడు. ఇరవై ఏళ్ళు గోడల మీద అక్షరాలు రాశాడు, సినిమా బొమ్మలు వేశాడు. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయి, ఇప్పుడు ఒక షాపులో లెక్కలు రాస్తున్నాడు. పోయిన ఆదివారం వెళ్ళి మాట్లాడాను. పిల్లలకు ఏం నేర్పుతారని అడిగితే సుద్దముక్క తీసుకుని గచ్చు మీద చెయ్యి ఎత్తకుండా ఒక గేదెను గీసి చూపించాడు. అది లేచి నడుస్తుందేమో అనిపించింది.

సవరణ మీద ఓటింగు మధ్యాహ్నం మూడింటికి. భోజనాలయ్యాక ఎవరూ ఇళ్ళకు వెళ్ళిపోకండి.